రూమ్‌ఫుల్ ఆఫ్ బ్లూస్ బ్యాండ్‌ను స్థాపించినవారు వెళ్లిపోయినా అది అదే బ్యాండ్‌గా ఎలా కొనసాగింది?

ఆ బృందం గుర్తింపు ఒక గాయకుడితోనో గిటారిస్టుతోనో కాక, శాక్సోఫోన్, ట్రంపెట్ వాద్యాల ఉమ్మడి బాణీతో ముడిపడి ఉండటమే కారణం.

1967లో అమెరికాలోని రోడ్ ఐలండ్ రాష్ట్రం, వెస్టర్లీ పట్టణంలో గిటారిస్టు డ్యూక్ రోబిలార్డ్, పియానో వాద్యకారుడు ఆల్ కాప్లీ దీన్ని ప్రారంభించారు. 1970లో శాక్సోఫోన్లు చేరాయి. దాంతో 1940ల నాటి జంప్ బ్లూస్, అంటే అమెరికా నల్లజాతీయుల పాటల నుంచి పుట్టిన బ్లూస్ సంగీతంలో జనం చిందులేయడానికి వాయించే వేగవంతమైన రకం, వారి సొంత ముద్ర అయింది. తొలి ఆల్బమ్ 1977లో గానీ రాలేదు. అంటే పదేళ్లు కచేరీలే వారికి పేరు తెచ్చాయి. రోడ్ ఐలండ్ అమెరికాలో విస్తీర్ణం రీత్యా అతి చిన్న రాష్ట్రం. అక్కడే తిరిగితే ఇంతమంది ఉన్న బృందానికి పూట గడవదు. కాబట్టి ఊరూరా తిరగక తప్పలేదు. అలా తిరిగే బతుకులో మనుషులు మారడం మామూలే.

1979లో రోబిలార్డ్ తప్పుకున్నప్పుడు గిటార్ రోనీ ఎర్ల్ చేతికి వచ్చింది. శాక్సోఫోన్ వాయించే గ్రెగ్ పిక్కొలో, రిచ్ లటాయ్ మాత్రం ఉన్నచోటే ఉన్నారు. బాణీ చెదరలేదు.

వ్యవస్థాపకులు లేరు కాబట్టి ఇది పాత పేరు వాడుకుంటున్న వేరే బృందమని చాలామంది పొరబడతారు. నిజానికి బృందం ఎక్కడా తెగలేదు. పాతవారి పక్కన కూర్చుని వాయిస్తూనే కొత్తవారు ఆ పద్ధతి నేర్చుకున్నారు.