ముందు పేరు కాదు, కాళ్ల కింద నేల చూసుకోండి

"లెస్బియనా, బైసెక్సువలా తేలడం లేదు, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు" అని రాశారు. రెండు ప్రశ్నలకూ కలిపి ఒకే ముడి వేశారు, అందుకే కదల్లేకపోతున్నారు. మీరు ప్రేమిస్తున్నది ఒక అమ్మాయిని, అది మీకు తెలుసు. లెస్బియన్ (ఆడవాళ్లనే ఇష్టపడే స్త్రీ), బైసెక్సువల్ (ఆడా మగా ఇద్దరినీ ఇష్టపడేవారు) అన్న పేరు తర్వాత తేలొచ్చు, మారొచ్చు, అసలు పెట్టుకోకపోనూవచ్చు.

1. ఇంట్లో "ఇప్పుడు పెళ్లి వద్దు" అనండి, చాలు. కారణం ఇప్పుడే చెప్పక్కర్లేదు.

2. చాలామంది మర్చిపోయేది ఇదే. నిజం చెప్పేముందు ఆధార్, సర్టిఫికెట్లు, పాస్‌బుక్ మీ దగ్గర పెట్టుకోండి. జీతం మీ ఒక్కరి ఖాతాలోనే పడాలి. అవసరమైతే నాలుగు రోజులు తలదాచుకునే చోటు ముందే మాట్లాడుకోండి. నేను ఇవేవీ చూసుకోకుండా అమ్మకు చెప్పేశాను. ఫోన్ లాక్కున్నారు, రెండు నెలలు గడప దాటనివ్వలేదు. మీకు అలా జరగకూడదు.

3. "డాక్టర్‌తో మార్పిస్తాం" అంటే ఒప్పుకోకండి. అలాంటి 'చికిత్స' డాక్టర్లు చేయకూడని తప్పని 2022లో డాక్టర్ల వృత్తిని నియంత్రించే నేషనల్ మెడికల్ కమిషన్ చెప్పింది.

4. 2018 సుప్రీంకోర్టు తీర్పుతో ఈ ప్రేమ నేరం కాదు. 2023లో అదే కోర్టులో ఇలాంటి పెళ్లికి గుర్తింపు రాలేదు, నిజమే. కానీ మేజర్లయిన ఇద్దరు కలిసి ఉండటానికి చట్టం అడ్డు కాదు.

రాత్రిళ్లు మరీ టెన్షన్‌గా ఉంటే 14416కి ఫోన్ చేయండి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.