మూడో సిలిండర్ ప్లగ్ రానంటోంది, పైపు వేసి లాగెయ్యమంటారా?

ప్రశ్న: సర్ నమస్తే. మా కారు 20 ఏళ్లు దాటిన పాత పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు. స్పార్క్ ప్లగ్‌లే కదా, నేనే మార్చుకుందామని మొదలుపెట్టా. మిగతా మూడూ ఈజీగానే వచ్చేశాయి కానీ మూడో సిలిండర్‌ది మాత్రం పావు చుట్టు తిరిగి ఆగిపోయింది, ఇంకొంచెం బలం పెడితే కిర్రుమంటోంది. రాత్రి డబ్ల్యూడీ-40 స్ప్రే కొట్టి వదిలేశా, పొద్దున చూస్తే మళ్లీ అదే కథ. పక్కింటాయన ఇంజిన్ వేడి చేసి తిప్పు అంటాడు, మా బాబాయేమో వేడి మీద ముట్టుకుంటే ఇంజిన్ పైభాగం, అదే ప్లగ్‌లు బిగించే హెడ్, పోతుంది అంటాడు. పానాకి పైపు తగిలించి ఒక్క పట్టు పట్టమంటారా?

జవాబు: ముందు ఆ పైపు పక్కన పడెయ్యండి. తర్వాత మాట్లాడుకుందాం.

పావు చుట్టు తిరిగిందంటే ప్లగ్ పూర్తిగా అతుక్కుపోలేదన్నమాట, అది మంచి వార్తే. చెడ్డ వార్త ఆ కిర్రు సౌండ్. మీ బండి హెడ్ అల్యూమినియం అయ్యుంటుంది, ప్లగ్ బాడీ స్టీలు, ఈ రెండూ ఏళ్ల తరబడి వేడిలో తేమలో ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటే మధ్యలో తెల్లటి పొడిలాంటి తుప్పు పుడుతుంది, పైగా కింద సిలిండర్ లోపలికి పొడుచుకొచ్చిన మరల మీద కార్బన్ గట్టిపడి ఉంటుంది. ప్లగ్ బయటికి వస్తున్నప్పుడు ఆ చెత్త అంతా హెడ్‌లో ఉన్న మెత్తటి మరల్లోకి దూరి ఇరుక్కుంటుంది, అక్కడ మీరు బలం పెడితే ప్లగ్‌కి ఏమీ కాదు, హెడ్ మరే ఊడి ప్లగ్‌తో పాటు వస్తుంది. ప్లగ్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, హెడ్ అలా కాదు కదా.

అందుకని ఇప్పుడు ప్లగ్‌ని వెనక్కి, అంటే బిగించే వైపు, ఎంత తిరిగితే అంత తిప్పెయ్యండి. చాలామందికి ఇక్కడే మనసొప్పదు, కష్టపడి పావు చుట్టు విప్పి మళ్లీ బిగించాలా అని. నాకూ ఒకప్పుడు ఒప్పలేదు, ఇంకొక్క చుట్టే కదా అని లాగి ఒక హెడ్ మర మొత్తం ఊడబెరుక్కున్నా, అదీ సొంత బండిది, ఇంట్లో నెల రోజులు ఎవర్నీ ఆ సంగతే ఎత్తనివ్వలేదు.

బిగించాక ప్లగ్ గుంటలో ఉన్న నూనె, దుమ్ము అంతా గాలి కొట్టి శుభ్రం చేయండి, కళ్లద్దాలు పెట్టుకోండి ఎందుకంటే అది ఎగిరి మొహం మీదికే వస్తుంది. ఇక డబ్ల్యూడీ-40 సంగతి, దాని పేరులోనే (వాటర్ డిస్‌ప్లేస్‌మెంట్) ఉంది నీళ్లని తరిమేదని, 1953లో 40వ ప్రయత్నంలో కుదిరిందని ఆ నంబర్ పెట్టారు. అది చెడ్డదని కాదు కానీ మరల సందుల్లోకి పాకడానికే చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్ వేరే దొరుకుతుంది, అది తెచ్చుకోండి. ప్లగ్ మొదట్లో నాలుగైదు చుక్కలు వేస్తే చాలు, గుంట నింపొద్దు. ఒక రాత్రి వదిలెయ్యండి, మధ్యలో ఒకసారి పానా పిడి మీద చేత్తో చిన్నగా తట్టండి, ప్లగ్ పైన తెల్లగా ఉండే పోర్సిలిన్ మీద మాత్రం కాదు.

వేడా చల్లారిందా అన్నదాంట్లో ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. వేడికి అల్యూమినియం స్టీలు కంటే దాదాపు రెండింతలు సాగుతుంది కాబట్టి రంధ్రం కొంచెం వదులవుతుంది, పక్కింటాయన లెక్క అదీ. కానీ బాగా వేడెక్కిన అల్యూమినియం మెత్తబడి మర ఇంకా తేలిగ్గా చిరిగిపోతుంది, మీ బాబాయ్ భయం అదీ. నా ఓటు బాబాయికే, మామూలుగా అయితే పూర్తిగా చల్లారిన ఇంజిన్ మీదే విప్పాలి. రెండు రాత్రులు నూనె వేసినా కదలకపోతే అప్పుడు, తీసిన మూడు ప్లగ్‌లూ చేత్తో పెట్టి బిగించి, ప్లగ్‌లకి కరెంటిచ్చే కాయిల్స్ తగిలించి, రెండు మూడు నిమిషాలు నడిపి, హెడ్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఓర్చుకునేంత ఉన్నప్పుడు ట్రై చేయండి, అంతకంటే వేడి వద్దు. నూనె వేసి ఉన్న చోట మంట, హీట్ గన్ అస్సలు వద్దు.

తిప్పేటప్పుడు లోపల రబ్బర్ ఉన్న ప్లగ్ సాకెట్, పొడవు పిడి రాచెట్ తీసుకోండి, సాకెట్ నిటారుగా ఉండాలి, పక్కకి వాలితే పోర్సిలిన్ విరుగుతుంది. ఇంపాక్ట్ గన్ జోలికి పోవద్దు. పావు చుట్టు విప్పడం, బిగుసుకోగానే మళ్లీ వెనక్కి బిగించడం, రెండు చుక్కలు నూనె, మళ్లీ కొంచెం ఎక్కువ విప్పడం, ఇలాగే. పదిహేను నిమిషాలు పడుతుందో గంట పడుతుందో చెప్పలేను, విసుగొస్తే లేచి వెళ్లి టీ తాగి రండి, విసుగులోనే మరలు పోయేది.

వచ్చేశాక ప్లగ్ మరలు చూడండి. నల్లగా కార్బన్ ఉంటే పర్లేదు, వెండిలా మెరిసే తీగ చుట్టుకుని ఉంటే అది మీ హెడ్ మరే, అక్కడితో ఆపేసి వర్క్‌షాప్‌కి చూపించండి, హెలికాయిల్ అనే స్టీల్ చుట్ట వేసి కొత్త మర చేస్తారు. మర బాగానే ఉంటే సిలిండర్‌లో పడిన నూనెని బయటికి పంపాలి. మిగతా ప్లగ్‌లు కూడా తీసేసి, ఫ్యూయల్, ఇగ్నిషన్ ఫ్యూజ్‌లు పీకి, గుంటల మీద పాత గుడ్డ పరిచి, మొహం దూరం పెట్టి రెండు మూడు సార్లు సెల్ఫ్ కొట్టండి. మొదటిసారి స్టార్ట్ చేస్తే కాసేపు పొగ వస్తుంది, కంగారు పడొద్దు.

కొత్త ప్లగ్‌ని పానాతో మొదలుపెట్టకండి, ప్లగ్ తలకి రబ్బర్ ట్యూబ్ ముక్క తొడిగి దాంతో తిప్పండి, మర అడ్డంగా ఎక్కితే ట్యూబ్ జారిపోతుంది, అప్పుడు తీసి మళ్లీ పెట్టొచ్చు. వాషర్ ఉన్న 14 ఎంఎం ప్లగ్ అయితే చేత్తో పూర్తిగా బిగిశాక పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, బిగింపు బలం కొలిచే టార్క్ పానా ఉంటే 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, మీ బండి మాన్యువల్ వేరేలా చెప్తే అదే ఫాలో అవ్వండి. వాషర్ లేకుండా కోను సీటు ఉన్నదైతే చుట్టులో పదహారో వంతు చాలు. మరలకి ప్లేటింగ్ ఉన్న ప్లగ్ అయితే మర పట్టెయ్యకుండా పూసే యాంటీ సీజ్ పేస్టు పూయొద్దు, జారుడు వల్ల మీకు తెలియకుండానే ఎక్కువ బిగిసిపోతుంది.

ఇంకో మాట, నాలుగింటిలో అదొక్కటే ఎందుకు పట్టింది? ఆ గుంటలో నూనె కనిపించి ఉంటే హెడ్ పై మూత కింద ఉండే వాల్వ్ కవర్ గాస్కెట్ కారుతోంది, నీటి చార కనిపిస్తే ముందు అద్దం కింద నుంచి వాన నీళ్లు అక్కడికి దిగుతున్నాయి, దాన్ని వదిలేస్తే వచ్చేసారీ ఇదే ఉత్తరం రాస్తారు.

ప్రశ్న: విప్పుతుంటే ప్లగ్ పైన తెల్ల పోర్సిలిన్ విరిగిపోయింది. ముక్కలు ఇంజిన్‌లోకి పోయాయా సర్?

జవాబు: ప్లగ్ స్టీలు బాడీ ఇంకా హెడ్‌లోనే ఉందిగా, అయితే పైన విరిగిన ముక్కలు లోపలికి పోవడానికి దారి లేదు, అవి గుంటలోనే ఉంటాయి. ప్లగ్ తీశారంటే మాత్రం పడతాయి. అందుకని వ్యాక్యూమ్ క్లీనర్‌కి సన్న ట్యూబ్ టేప్ వేసి గుంట అంతా పీల్చి, టార్చ్ వేసి చూసుకుని, అప్పుడు విప్పండి, సాకెట్ పట్టుకునే షడ్భుజి బాగానే ఉంటుంది. అది తీసి లోపల చూసేదాకా సెల్ఫ్ కొట్టకండి.