లాగ్ లెక్కల భయంతో గ్రూపు మార్చకండి

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్ఈలో పదో తరగతి మంచి మార్కులతో పాసై, ఈ జూన్‌లో ఇంటర్ ఎంపీసీలో చేరింది. ఘాతాంక సమీకరణాలు, లాగ్ సమీకరణాలు వచ్చినప్పుడల్లా తప్పులే. "నాకు లెక్కలు రావు నాన్నా, బైపీసీకి మార్పించు, లేకపోతే సీఈసీకైనా పంపు" అని ఏడుస్తోంది. కాలేజీలోనూ మార్చడమే మేలన్నారు. ఆమె పరీక్ష పేపర్ల ఫొటోలు పంపుతున్నాను. ఏం చేయమంటారు?
– ఒక తండ్రి, కరీంనగర్

జవాబు: మీరు పంపిన మూడు పేజీలూ రెండుసార్లు చూశాను. మీ అమ్మాయికి లెక్కలు రావన్న మాట నిజం కాదు. ఈ ఒక్క పాఠం ఆమెకు ఎవరూ మొదటి నుంచి చెప్పలేదు, అంతే. సీబీఎస్ఈ పదో తరగతి గణితంలో సంవర్గమానాలు, అంటే లాగ్‌లు లేవు. ఒక సంఖ్య రావాలంటే 10ని ఎన్నో ఘాతానికి పెంచాలో చెప్పేదే దాని లాగ్. తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో మాత్రం పదో తరగతి మొదటి అధ్యాయం, వాస్తవ సంఖ్యల్లోనే అవి ఉన్నాయి. పక్క బెంచీలోని పిల్లలు ఒకసారి చేసి వచ్చిన లెక్కను మీ అమ్మాయి మొదటిసారి చూస్తోంది. చెప్పేవారు అందరికీ తెలిసిందే అనుకుని ముందుకు సాగిపోయి ఉంటారు. ఆ తేడాను ఆమె తన తెలివితక్కువతనంగా లెక్కేసుకుంది. నాకు బాధ కలిగించింది అదే.

ఇప్పుడు ఆ పేపర్ల సంగతి. మొదటి లెక్క 2^ఎక్స్ = 5, అంటే 2ను ఎన్నో ఘాతానికి పెంచితే 5 వస్తుందని. ఆమె ఎక్స్ = 5/2 అని రాసింది. ఘాతాంకాన్ని గుణకారంగా చూసిందన్నమాట. ఇక్కడ సూత్రం కన్నా ముందు అంచనా కావాలి. 2 వర్గం 4, 2 ఘనం 8. కాబట్టి జవాబు 2కు, 3కు మధ్య ఉండాలి. 5 అనేది 4కు దగ్గర కాబట్టి 2 దాటి కొంచెం ఉంటుంది. ఆ తర్వాత రెండు వైపులా లాగ్ తీసుకుంటే ఎక్స్ = లాగ్ 5 / లాగ్ 2, అంటే 0.6990ని 0.3010తో భాగిస్తే సుమారు 2.32. ఆమె రాసిన 2.5 కూడా 2కు, 3కు మధ్యలోనే ఉంది కాబట్టి తప్పని అనుమానం రాలేదు. 2^ఎక్స్ = 16 ఇచ్చి చూడండి. అదే పద్ధతిలో 8 వస్తుంది. 2ను ఎనిమిదిసార్లు గుణిస్తే 256 అని ఆమెకు తెలుసు. తప్పును తానే పట్టుకుంటుంది.

రెండో లెక్క లాగ్ ఎక్స్ + లాగ్ (ఎక్స్ − 3) = 1. ఆమె లోపలివి కూడేసి లాగ్ (2ఎక్స్ − 3) = 1 అని రాసి, 6.5 తెచ్చింది. నేను చూసే పిల్లల్లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. నేను వాళ్లకు నియమం మళ్లీ అప్పజెప్పను, నేపియర్ కథ చెబుతాను. 1614లో జాన్ నేపియర్ లాగరిథమ్‌లను ప్రచురించింది పెద్ద పెద్ద గుణకారాలను కూడికలుగా మార్చడానికి. ఖగోళ గణకుల శ్రమ దానితో ఎంతో తగ్గింది. మీరు కాలేజీలో లాగ్ పట్టికల పుస్తకం వాడి ఉంటే, మీరు చేసిందీ అదే పని. లాగ్‌ల కూడిక వెనుక ఉన్నది లోపలి సంఖ్యల గుణకారం అని ఒకసారి మనసుకెక్కితే ఈ తప్పు మళ్లీ రాదు. లాగ్ 1 అయ్యే సంఖ్య 10, కాబట్టి ఎక్స్ (ఎక్స్ − 3) = 10. విలువలు 5, −2. రుణ సంఖ్యకు లాగ్ ఉండదు కాబట్టి −2ను వదిలేయాలి. జవాబు 5 ఒక్కటే.

మూడో లెక్కే నాకు ధైర్యం ఇచ్చింది. 9^ఎక్స్ − 10·3^ఎక్స్ + 9 = 0. ఇందులో 3^ఎక్స్‌ను టీ అనుకుని, వర్గ సమీకరణంగా మార్చి, టీ విలువలు 1, 9 అని సరిగ్గా తెచ్చింది. కష్టమైన భాగం అదే, దాన్ని సొంతంగా చేసింది. కానీ ఎక్స్‌కు తిరిగి రాకుండా అక్కడే ఆగిపోయింది. 3^ఎక్స్ = 1 అయితే ఎక్స్ = 0, 3^ఎక్స్ = 9 అయితే ఎక్స్ = 2. ఒక్క పంక్తి మిగిలింది. లెక్కలు రాని పిల్ల ఇక్కడిదాకా రాదండీ.

ఇక గ్రూపు మార్పు. బైపీసీకి వెళ్తే లాగ్ తప్పుతుందని అనుకుంటున్నారు. తప్పదు. రసాయన శాస్త్రంలో ద్రావణం ఎంత ఆమ్లమో చెప్పే పీహెచ్ అంటేనే లాగ్. హైడ్రోజన్ అయాన్ గాఢత 2 × 10^−3 ఇస్తే పీహెచ్ 3 − 0.3010, అంటే 2.7 అని నోటితో రావాలి, ఎందుకంటే నీట్‌లో కాలిక్యులేటర్ ఉండదు. చర్యా వేగాల సూత్రంలో కనిపించే 2.303 ఆకాశం నుంచి ఊడిపడలేదు, అది 10కి సహజ సంవర్గమానం, అంటే 10కి బదులు ఇ (సుమారు 2.718) ఆధారంగా తీసుకున్న లాగ్. అర్ధాయుష్షు (పదార్థం సగానికి తగ్గే కాలం) సూత్రంలోని 0.693 అనేది 2కు సహజ సంవర్గమానం. థైరాయిడ్ చికిత్సలో వాడే అయోడిన్-131 అర్ధాయుష్షు దాదాపు 8 రోజులు. అది పదో వంతుకు ఎన్ని రోజుల్లో తగ్గుతుందన్న ప్రశ్న కూడా ఘాతాంక సమీకరణమే. 8ని లాగ్ 2తో భాగిస్తే సుమారు 26.6 రోజులు.

సీఈసీ తీసుకుని సీఏ వైపు వెళ్తుందా? సీఏ ఫౌండేషన్ గణిత పేపరులో ఘాతాంకాలు, లాగరిథమ్‌లు మొదట్లోనే వస్తాయి. 8 శాతం చక్రవడ్డీకి వేసిన డబ్బు ఎన్నేళ్లకు రెట్టింపవుతుందంటే 1.08^ఎన్ = 2 సాధించాలి. సుమారు 9 ఏళ్లు. వడ్డీ అయినా, మందు మోతాదు అయినా, కంప్యూటర్ సైన్సులో వెతుకులాట పద్ధతులైనా ఈ పాఠాన్ని దాటి పోవు.

అందుకని నా సలహా: ఇప్పుడు మార్చకండి. మూడు వారాలు, రోజుకు నలభై నిమిషాలు ఇవ్వండి. రాష్ట్ర సిలబస్ పదో తరగతి గణిత పుస్తకం తెప్పించి, వాస్తవ సంఖ్యల అధ్యాయంలోని లాగ్ భాగం మొదటి నుంచి చేయించండి. లాగ్ 2, లాగ్ 3, లాగ్ 7 విలువలు కంఠస్థం చేయమనండి. లాగ్ 5 వాటిలో లేదని కంగారు పడవద్దు, 1 నుంచి లాగ్ 2 తీసేస్తే వస్తుంది. రోజుకు ఆరు సమీకరణాలు చాలు. కానీ ప్రతి జవాబునూ మొదటి సమీకరణంలో పెట్టి చూడాలి. ఇది మొక్కుబడి పని కాదు. లాగ్ (ఎక్స్²) = 2కు 10, −10 రెండూ జవాబులే. దాన్ని 2 లాగ్ ఎక్స్ = 2 అని మార్చేస్తే −10 మాయమవుతుంది. ఒక లెక్కలో లేని జవాబు వచ్చి చేరుతుంది, ఇంకోదాంట్లో ఉన్నది పోతుంది. పోటీ పరీక్షల పేపర్లు తయారుచేసేవారికి ఈ రెండూ బాగా తెలుసు.

ఆ మూడు వారాల్లో మార్కుల గురించి అడగవద్దు. పక్కింటి పిల్లల మాట అసలే ఎత్తవద్దు. ఒక సాయంత్రం తీరిగ్గా కూర్చుని, లెక్కల సంగతి పక్కన పెట్టి, ఏం చదవాలని ఉందమ్మా అని అడగండి. ఆమె జీవశాస్త్రం అంటే, అది భయంతో కాక ఇష్టంతో అన్నదైతే, బైపీసీకి మార్చడానికి నేనే మొదట ఒప్పుకుంటాను. ఆలస్యమైతే మారడం కష్టం కాబట్టి గడువు ఎప్పటిదాకా ఉందో మాత్రం కాలేజీలో ఇవాళే కనుక్కోండి.

దసరా సెలవుల తర్వాత పెట్టే పరీక్ష పేపరు కూడా నాకు పంపండి. టీ విలువ దగ్గర ఆగకుండా ఆ ఒక్క పంక్తి రాసిందో లేదో చూడాలని ఉంది.