హెడ్ దించకముందు ఒక్క రాత్రి ఆగు

అల్లుడూ,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేసినప్పటి నుంచి నా మనసు నీ లారీ మీదే ఉంది. కింద చుక్క పడటం లేదు, కరీంనగర్‌లో గ్రానైట్ ఎత్తుకొని కాకినాడ పోయి వచ్చేసరికి ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ మూడు లీటర్లు తక్కువ పడుతోంది, మెకానిక్ ఏమో ఇంజన్ పైన ఉండే హెడ్‌కు కింది సీలు, అదే హెడ్ గ్యాస్కెట్, పోయింది, హెడ్ దించాల్సిందే అంటున్నాడు. ఏం చూసి చెప్పాడురా అంటే నీ దగ్గర జవాబు లేదు. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నా. సోమవారం దాకా పానా పట్టొద్దని అతనికి చెప్పు.

ముందు అసలు పోతోందా లేదా అన్నది తేల్చు. పోయిన నెల రేడియేటర్ పైపులు మార్చారన్నావు. కూలెంట్ మొత్తం వదిలేసి మళ్లీ పోస్తే ఇంజన్ లోపల ఎక్కడో గాలి ఇరుక్కుంటుంది. అది బయటపడే కొద్దీ రెండు మూడు రోజులు లెవల్ దిగుతుంది. దాన్ని లీకనుకొని హెడ్లు దించినవాళ్లను చూశా. పొద్దున్నే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి చదునుగా నిలబెట్టి, కూలెంట్ ట్యాంకు మీద పెయింటుతో గీత పెట్టు. లీటరు సీసాతో కొలిచి పోసి, ఎన్ని కిలోమీటర్లకు ఎంత పోశావో డీజిల్ పుస్తకంలోనే రాయి. ఖాళీ బండితో ఎంత పోయింది, లోడుతో ఎంత పోయింది అన్నది వేరువేరుగా రాయి. లోడులోనే పోతుంటే ఒక రకం, నిలబడ్డా పోతుంటే ఇంకో రకం.

తర్వాత రేడియేటర్ క్యాప్. దాన్ని ఎవరూ లెక్కచేయరు గానీ నా షెడ్డుకొచ్చిన ఇట్లాంటి కేసుల్లో చాలా వాటికి మందు అదే. ఒక బార్ ఒత్తిడి ఆపే క్యాప్ మంచిగా పట్టి ఉంటే ఉత్త నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. స్ప్రింగు మెత్తబడిందంటే, మే నెలలో మన దగ్గర 44 డిగ్రీల ఎండలో ముప్పై టన్నులు లాగేటప్పుడు కూలెంట్ ఓవర్‌ఫ్లో పైపు నుంచి ఆవిరై పోతుంది. రోడ్డు మీదే ఆరిపోతుంది, ఇంటికొచ్చి కిందికి వంగి చూస్తే నీకేం కనబడుతుంది? ఆ పైపు మూతి దగ్గర తెల్లగానో పచ్చగానో పొక్కు కట్టి ఉందేమో వేలితో గీకి చూడు. ఇంజన్ చల్లారాక రేడియేటర్ పై పైపు లోపలికి నొక్కుకుపోతుంటే క్యాప్‌లో గాలి లోపలికి తీసుకునే చిన్న వాల్వు పట్టేసిందని అర్థం. వేడి మీద మాత్రం క్యాప్ తిప్పకు. నా ఎడమ ముంజేతి మీద మచ్చ చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు కదా, అది అట్లా వచ్చిందే.

క్యాప్ మంచిదే అయితే ఒక రాత్రి పని ఉంది. ప్రెషర్ టెస్టర్, అంటే క్యాప్ చోట బిగించి గాలి కొడితే ఒత్తిడి నిలుస్తుందో లేదో ముల్లుతో చూపే పంపు, నా దగ్గర ఉంది, తీసుకుపో. సాయంత్రం ఇంజన్ చల్లారాక క్యాప్ మీద రాసి ఉన్నంతే పంపు కొట్టు, ఎక్కువ కొడితే పాత రేడియేటర్ నువ్వే పగలగొట్టినవాడివి అవుతావు. ఇంజన్ కింద అట్టపెట్టెలు విప్పి పరిచి, నువ్వు పోయి పడుకో. చల్లగా ఉన్నప్పుడే ఎందుకంటే, క్లిప్పుల దగ్గర రబ్బరు చల్లారితే బిగి వదులుతుంది, వేడెక్కితే మళ్లీ పట్టుకుంటుంది. పగలు ఎంత వెతికినా దొరకని లీకు తెల్లవారుజామున దొరుకుతుంది. పొద్దున అట్ట మీద ఎక్కడ తడిసిందో దానికి నేరుగా పైకి చూడు. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉంటుంది, అక్కడ తడి ఉంటే సీలు పోయినట్టే, దాన్ని ఎంసీల్‌తో మూసే తెలివి చూపించకు. ఇంజన్ వెనక, గేర్ బాక్స్ పైన ఉండే కప్ ప్లగ్గులను, అంటే బ్లాకు రంధ్రాలకు కొట్టిన రేకు మూతలను, టార్చి వేసి చూడు, అక్కడ కారింది కిందికి రాకముందే ఆరిపోతుంది.

అట్టలు పొడిగా ఉండి టెస్టర్ ముల్లు మాత్రం దిగిందంటే లీకు లోపలుంది. అప్పుడు ఆయిల్ చూడు. డిప్ స్టిక్ చూసి ఊరుకోకు. బండి రాత్రంతా నిలబడ్డాక ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ డ్రెయిన్ బోల్టు మెల్లగా, ఊడకుండా, వదులు చెయ్యి. నీళ్లు ఆయిల్ కంటే బరువు కాబట్టి అడుగున చేరి ముందు అవే కారతాయి. నాలుగు చుక్కలు పచ్చగా వస్తే ఆయిల్ కూలరో, పిస్టన్ ఆడే గొట్టం, అదే లైనర్, దాని కింది రింగులో, లైనర్‌కు బయటి నుంచి పడిన సన్న చిల్లో. ఆ చిల్లు బోరు నీళ్లు పోసి నడిపిన బండ్లకు ఎక్కువ. నువ్వు పోయవని నాకు తెలుసు, నీ డ్రైవర్ సంగతి తెలుసుకో. అట్లా నీళ్లు కలిసిన ఆయిల్‌తో ఒక్క కిలోమీటరు కూడా నడపకు, బేరింగులు పోతాయి.

ఆయిల్ శుభ్రంగా ఉంటే సైలెన్సర్ దారిలో పోతోందేమో చూడు. నీది కొత్త పొగ నిబంధనల బీఎస్ 6 బండి, పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపేముందు చల్లబరిచే ఈజీఆర్ కూలర్ ఉంది. పొగను చల్లబరిచేది కూలెంటే. లోపల సన్న పగులు వస్తే కూలెంట్ పొగలో కలిసి ఆవిరైపోతుంది, కింద చుక్క ఉండదు. కూలర్ నుంచి పొగ బయటికొచ్చే వైపు పైపు ఊడదీస్తే మసి పొడిగా ఉండాలి. తడిగా, కడిగినట్టు ఉంటే దొంగ దొరికినట్టే. ఇంకో మాట, పొద్దున స్టార్ట్ కొట్టగానే ఇంజన్ ఠక్కున పట్టేసినట్టు ఆగితే రెండోసారి సెల్ఫ్ కొట్టకు. పిస్టన్ మీద నీళ్లు నిలిచి ఉండొచ్చు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఇప్పుడు నా సంగతి. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి జోరుగా వస్తున్న రోజులు. నీలాగే ఒకతను బండి తెచ్చాడు, రేడియేటర్‌లో బుడగలు పెనం మీద నూనెలా లేస్తున్నాయి. చూడగానే హెడ్ గ్యాస్కెట్ అన్నా, నా అంతటివాడు లేడని. హెడ్ దించి, లేత్‌కు పంపి చదును చేయించి, కొత్త గ్యాస్కెట్ వేసి, టార్క్ పెట్టి బిగించేసరికి మూడు రోజులు. నాలుగో రోజు అవే బుడగలు. నేను తల పట్టుకొని కూర్చుంటే వాళ్ల క్లీనర్, మీసాలు కూడా రాని పోరగాడు, రోజూ చేసే పనే కదా అని బ్రేకుల ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ లాగాడు. బుస్సుమని గాలితో పాటు పచ్చ నీళ్లు వచ్చి వాడి చెప్పుల మీద పడ్డాయి.

బ్రేకులకు గాలి కొట్టే కంప్రెషర్ హెడ్డుకు కూడా కూలెంటే తిరుగుతుంది. దాని గ్యాస్కెట్ పోతే గాలి కూలెంట్‌లోకి తన్నుతుంది, కూలెంట్ ఓవర్‌ఫ్లో నుంచి పోతుంది, ఇంకొంత కూలెంట్ ఎయిర్ ట్యాంకులోకి పోతుంది. చూసేవాడికి మాత్రం అచ్చం హెడ్ గ్యాస్కెట్టే. నీది కూడా నీళ్ల కంప్రెషరే కాబట్టి ఇట్లా చెయ్యి. ఎయిర్ ట్యాంకు నిండి, గవర్నర్, అంటే నిండాక గాలిని వదిలే వాల్వు, బుస్సుమని వదిలేదాకా ఇంజన్ నడవనీ. అంతవరకు రేడియేటర్‌లో లేచిన బుడగలు గవర్నర్ గాలి వదలగానే ఆగిపోయి, బ్రేకు నాలుగుసార్లు తొక్కి గాలి తగ్గించాక మళ్లీ మొదలైతే కంప్రెషరే. గవర్నర్‌తో సంబంధం లేకుండా లేస్తూనే ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాలకే పై పైపు రాయిలా గట్టిపడుతుంటే, అప్పుడు హెడ్ మాట మాట్లాడుదాం. ఆ ఓనరుకు మజూరీ నేను తిరిగిచ్చేశా. గ్యాస్కెట్ డబ్బులు, మూడు రోజుల కిరాయి నష్టం మాత్రం అతనే మోశాడు. ఇప్పటికీ ఎదురైతే నేనే ముందు నమస్తే పెడతా.

రెండు పనులు మాత్రం చెయ్యొద్దు. ఎవరో చెప్పారని రేడియేటర్‌లో పసుపు, లీకు పౌడర్ పోయకు. బండి రోడ్డు మీద నిలిచిపోయి ఇంటికి చేరాలంటే సరే గానీ, ఆయిల్ కూలర్ సన్న దారులు దాంతో పూడితే ఇంకో జబ్బు తెచ్చుకున్నట్టు. కారింది కూలెంటా నీళ్లా అని నాలుకకు రాసుకొని చూసే పాత ఉస్తాదుల అలవాటు కూడా నీకొద్దు, తియ్యగా ఉంటుంది గానీ విషం. వదిలిన కూలెంట్ బకెట్ కుక్కలకు, మేకలకు అందకుండా మూత పెట్టు.

ఆదివారం రాత్రి ప్రెషర్ పెట్టి పడుకో. సోమవారం పొద్దున ఖాళీ బండితో హన్మకొండ రా, ఎయిర్ ట్యాంకు డ్రెయిన్ మాత్రం నేను చూసేదాకా ఎవరినీ లాగనివ్వకు. పాత క్యాప్ పారేయకు, రాత్రి పరిచిన అట్టలు కూడా తే, ఏది ముందు వైపో పెన్నుతో రాసి.

మీ మామ