నాన్న ‘నీ ఇష్టం’ అన్న రాత్రి

మనిషికి స్వేచ్ఛాసంకల్పం, అంటే తన నిర్ణయం తానే తీసుకోగలగడం, వరమా, భారమా అని మీరు అడిగారు. అన్నీ ముందే రాసిపెట్టి ఉంటే మనకి ఇంత టెన్షన్ ఉండేది కాదు కదా అని కూడా అన్నారు. నేను తత్వశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు. నేను పెట్టిన ఒక సంతకం గురించి చెప్తాను.

2017 వేసవిలో మా తమ్ముడికి బైక్ యాక్సిడెంట్ అయింది. వాడికి ఇరవై ఆరేళ్లు, పెళ్లి కాలేదు. సత్తెనపల్లిలో మోటార్ వైండింగ్ షాపు నడిపేవాడు. పొలాల్లో మోటార్లు కాలిపోయే రోజులు కావడంతో రాత్రి పదింటిదాకా పని చేసి ఇంటికి వస్తున్నాడు. గుంటూరులో ఒక ప్రైవేట్ హాస్పిటల్లో చేర్చాం. మూడో రోజు పొద్దున డాక్టర్ గారు మమ్మల్ని పిలిచి, మెదడు పూర్తిగా ఆగిపోయినట్టుంది, పరీక్షలు చేసి ఖాయం చేస్తామన్నారు. కంట్లో టార్చి వేస్తే కనుపాప కదులుతుందా, చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కళ్లలో కదలిక వస్తుందా, వెంటిలేటర్ కాసేపు పక్కన పెడితే సొంతంగా ఊపిరి తీసుకుంటాడా అని చూస్తారు. ఒక్కసారి చూసి వదిలేయరు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం నిర్ధారించాలి, కనీసం ఆరు గంటల తేడాతో అవే పరీక్షలు రెండోసారి చేయాలి.

ఆ ఆరు గంటలూ నాకు నిమిషం నిమిషం గుర్తే. ఐసీయూలోకి ఒక్కొక్కరినే పంపారు. వాడి కుడిచెయ్యి పట్టుకుని నిలబడ్డాను. వెచ్చగా ఉంది. గోళ్ల సందుల్లో వార్నిష్ ఇంకా పోలేదు. రాగి తీగ చుట్టీ చుట్టీ చూపుడువేలి పక్కన కాయ కాసింది. ఛాతీ లేచి దిగుతోంది. అది మెషీన్ పోస్తున్న ఊపిరి అని తెలుసు. తెలిసినా, చెయ్యి వెచ్చగా ఉన్నంతసేపు మనసు ఒప్పుకోదు.

రెండోసారి కూడా అదే ఫలితం వచ్చింది. అప్పుడు అవయవదానం సంగతి చూసే కోఆర్డినేటర్ అమ్మాయి వచ్చి మా పక్కన కూర్చుంది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకం గురించి చెప్పింది. వాడి కిడ్నీలు, కాలేయం, కళ్లు ఇంకొకరికి పనికొస్తాయంది. “మీరు వద్దన్నా ఎవరూ ఏమీ అనుకోరండీ. మీ ఇష్టం” అంది.

నాన్న కాసేపు నేలవైపు చూసి, “అమ్మాయ్, నీ ఇష్టం. నాకేం పాలుపోవట్లేదు” అని వెళ్లి వరండా చివర కుర్చీలో కూర్చున్నాడు. బాబాయి, “నీ ఇష్టం. రేపు మమ్మల్ని ఏమీ అనొద్దు” అన్నాడు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు బైపీసీ తీసుకోవాలని ఉండేది, ఎంపీసీలో చేర్పించారు. ఇంటర్ అవగానే పెళ్లి చేశారు. పెళ్లిచూపుల రోజున నువ్వేమంటావని నన్ను అడిగినవాళ్లు లేరు. నీ ఇష్టం అనే మాట కోసం ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. అది మా నాన్న నోటి నుంచి మొదటిసారి వచ్చింది ఆ వరండాలో, రాత్రి తొమ్మిదింటికి. నాకు కాళ్లు వణికాయి. ఎవరైనా వచ్చి, ఇదిగో ఇలా చెయ్యి అని చెబితే బాగుండుననిపించింది. మీరు భారం అంటున్నది ఇదే అయితే, అది ఎంత ఉంటుందో నాకు తెలుసు.

మెదడు ముందే నిర్ణయం తీసేసుకుంటుంది, మనం తీసుకున్నామనుకోవడం భ్రమ అని కొందరంటారు. దానికి తరచు మెదడు మీద పరిశోధనలు చేసిన బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగాన్ని చూపిస్తారు. బుద్ధి పుట్టినప్పుడు మణికట్టు కదపమంటే, కదలికకు దాదాపు అర సెకను ముందే మెదడులో అలజడి మొదలైంది. కదపాలన్న కోరిక ఆ మనిషికి తెలిసింది మాత్రం ఐదోవంతు సెకను ముందు. ప్రయోగాన్ని నేను కాదనను. కానీ మణికట్టు ఇప్పుడు కదిపినా ఇంకాసేపటికి కదిపినా ఒకటే. నా సంతకానికి ఏడు గంటలు పట్టింది. ఆ ఏడు గంటల్లో నాలుగుసార్లు ఔననుకున్నాను, నాలుగుసార్లు కాదనుకున్నాను. వాడు అప్పుచేసి కొన్న వైండింగ్ మెషీన్ గుర్తొచ్చింది. పక్కింటి మామ్మ మోటారుకి డబ్బులు తీసుకోకుండా కాయిల్ కట్టిచ్చింది గుర్తొచ్చింది. చివరికి నన్ను ఒప్పించింది ఆ కాయిలే.

కళ్ల దగ్గర మాత్రం అమ్మ ఆపింది. “కళ్లు వద్దమ్మా. పైన వాడికి దారెట్లా కనపడుద్ది?” అంది. కోఆర్డినేటర్ ఏమీ అనలేదు. అమ్మని ఒప్పించగలిగేదాన్నేమో. ఒప్పించలేదు. కిడ్నీలు, కాలేయం ఇచ్చాం, కళ్లు ఇవ్వలేదు. తెల్లవారుజామున నాలుగింటికి సంతకం పెట్టాను. ఇద్దరికి చూపు వచ్చేదేమో అనే ఆలోచన ఇప్పటికీ వస్తుంది. అమ్మ మాట విన్నందుకు పశ్చాత్తాపం లేదు, ఆ ఆలోచన మాత్రం పోలేదు. రెండూ నా దగ్గరే ఉన్నాయి.

పెద్దకర్మ రోజున ఒక బంధువు వచ్చి, “వాడికి అంతే రాసిపెట్టి ఉంది, మన చేతుల్లో ఏముంది” అని అమ్మని ఓదార్చింది. అమ్మకి ఆ మాటతో నిజంగా ఊరట కలిగింది, నేను చూశాను. అదే మనిషి గంట తర్వాత నా దగ్గరికొచ్చి, “అట్లా ఇచ్చెయ్యటానికి నీకు చేతులెట్లా వచ్చినయ్యే?” అంది. యాక్సిడెంట్ బ్రహ్మరాత అట, సంతకం నాది అట. ఆ రోజు చాలా ఏడ్చాను. తర్వాత ఆలోచిస్తే ఆవిడ తెలియకుండానే ఉన్నమాట చెప్పిందనిపించింది. జరిగినదానికి తలరాత సరిపోతుంది. చేసినదానికి సరిపోదు, సరిపోకూడదు కూడా. వాడి మరణంలో నా ప్రమేయం లేదు. తర్వాత జరిగినదాంట్లో ఉంది, అది నాకు కావాలి.

మీరన్నట్టు అన్నీ రాసిపెట్టి ఉన్న బతుకు ఎలా ఉంటుందో నాకు కొంత తెలుసు, ఎందుకంటే నా చదువు, పెళ్లి అలాగే జరిగాయి. వాటి గురించి నాకు టెన్షన్ లేదు, నిజమే. ఎవరినో తప్పుపట్టుకుంటూ ఉండిపోవడమే ఉంది. ఆ సంతకం నిద్ర పట్టనివ్వని రాత్రులున్నాయి, కానీ దాని గురించి నేను ఎవరినీ తప్పుపట్టలేదు. ఆ రెండు బరువుల్లో ఒకటి ఎంచుకోమంటే సంతకాన్నే ఎంచుకుంటాను.

వరమా భారమా అన్నది, ‘నీ ఇష్టం’ అన్న మనిషి ఆ తర్వాత ఏం చేశాడన్నదాన్ని బట్టి ఉంటుందని నా నమ్మకం. మా ఇంట్లో గీతాపారాయణం ఉంది. పద్దెనిమిదో అధ్యాయంలో, అంతా చెప్పాక కృష్ణుడు “యథేచ్ఛసి తథా కురు” అంటాడు. బాగా ఆలోచించి నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అని. ఈ 63వ శ్లోకం చాలామందికి తెలుసు. అక్కడితో ఆపి లేచి వెళ్లిపోడు. వెంటనే 64లో, మళ్లీ విను, నువ్వు నాకు ఎంతో ఇష్టమైనవాడివి, అందుకే నీ మేలు చెప్తున్నాను అంటాడు. “ఇష్టోఽసి మే” అని అదే ఇష్టం మాట. పగ్గాలు వదల్లేదు. మా నాన్న వరండా చివరికి వెళ్లాడు. ఆయన పాపం, కొడుకు పోయినవాడు, నేను తప్పు పట్టను. కానీ ఆ రాత్రి ముక్కూ ముఖం తెలియని ఆ కోఆర్డినేటర్ అమ్మాయి, మీ ఇష్టం అన్నాక నాలుగింటిదాకా నా పక్కనే ఉంది. అడిగినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి చెప్పింది. ఏది చెయ్యమనీ ఒక్కసారి కూడా అనలేదు.

స్పెయిన్‌లో 1979 నుంచి ఉన్న చట్టం ప్రకారం, బతికుండగా వద్దని చెప్పనివాళ్లంతా అవయవదానానికి ఒప్పుకున్నట్టే లెక్క. అయినా అక్కడి డాక్టర్లు ఇంట్లోవాళ్లని అడుగుతారు. అలా అడగడమే సరైన పని అనిపిస్తుంది నాకు. మన దగ్గరైతే ముందే పేరు నమోదు చేసుకున్నా, కుటుంబం కాదంటే ఆచరణలో ఆగిపోతుంది. అందుకే అవయవదాన కార్డు తీసుకుని బీరువాలో పెడితే చాలదు.

నేను కిందటేడు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నాను. ఆ ఆదివారం అందరం అన్నాలకు కూర్చున్నప్పుడు మా ఆయనకీ పిల్లలకీ చెప్పాను. నాకేదైనా అయితే మీరు వరండాలో కూర్చుని తలలు పట్టుకోవద్దు, నా ఇష్టం ఇది అని. మా ఆయన “అన్నం తినేటప్పుడా ఈ మాటలు” అన్నారు. మా అమ్మాయి కంచంలోంచి తలెత్తి, “కళ్లు కూడానా అమ్మా?” అంది.

కళ్లు కూడా అన్నాను.