తమ్ముడూ, రక్ గురించి రాయడం మర్చిపోయావు

తమ్ముడూ,

రగ్బీ 08 వీడియో గేమ్ మీద నువ్వు పంపిన సమీక్ష రాత్రి కూర్చుని రెండుసార్లు చదివాను. గ్రాఫిక్స్‌కి ఆరు, సౌండ్‌కి ఏడు, కంట్రోల్స్‌కి ఎనిమిది అంటూ మార్కులు వేసుకుంటూ పోయి, చివర్లో ప్లస్‌లు ఒక కుప్పగా, మైనస్‌లు ఇంకో కుప్పగా పోశావు. మొదట్లో నేనూ అలాగే రాసేవాణ్ణి. కానీ అంతా చదివాక కూడా ఆ ఆట ఆడుతుంటే చేతికి ఎలా ఉంటుందో నాకు తెలియలేదు.

2007లో ప్లేస్టేషన్ 2కీ, పీసీకీ వచ్చిన గేమ్ అది. ఆ తర్వాత దాన్ని తెచ్చిన ఈఏ కంపెనీ మళ్లీ రగ్బీ యూనియన్ (జట్టుకి పదిహేను మంది ఆడే రగ్బీ) జోలికే పోలేదు. ఇంత పాతబడ్డాక కూడా జనం దాన్ని వెతుక్కుని మరీ ఎందుకు ఆడుతున్నారు? నువ్వు ముందు దీనికి జవాబు చెప్పాలి.

నన్నడిగితే పాస్ వల్ల. భుజం బటన్ నొక్కితే చాలు, బంతి వెనక్కి వెళ్తుంది, అందుకునేవాడు అప్పటికే పరుగులో ఉంటాడు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర నీ వాళ్లు ఇద్దరు, అవతల డిఫెండర్ ఒక్కడే అనుకో. వాడు నీ మీదకి వచ్చేదాకా ఆగి, ఇక పట్టేసుకుంటాడు అన్నప్పుడు బంతి వదలాలి. క్షణం ముందు వదిలావా, వాడు పక్కవాడి మీదకి తిరుగుతాడు. ఆ ఆగడంలో ఉండే టెన్షన్ రాయి, రగ్బీ తెలియనివాడికి కూడా అర్థమవుతుంది.

ఇక లోపం ఎక్కడుందంటే, అది కూడా ఆ పాస్‌లోనే ఉంది. పాస్ అంత నమ్మకంగా చేతికి అందుతుంది కాబట్టి ఒకసారి దారి దొరికితే ఇక అయిపోయినట్టే. నాకు రెండు పాస్‌లు, లోపలికి ఒక సైడ్‌స్టెప్, అంతే, ట్రై (అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనించడం), ఐదు పాయింట్లు. మర్నాడూ అదే ఎత్తు, అదే ట్రై. కొన్నాళ్లకి స్కోరు చూడటమే మానేశాను. ఈ రెండింటినీ నువ్వు వేర్వేరు కుప్పల్లో పెట్టావు, ఒకే పేరాలో పక్కపక్కన పెట్టి చూడు.

రక్ గురించి, అంటే నేలమీది బంతి కోసం జరిగే తోపులాట గురించి, నువ్వు ఒక్క ముక్కా రాయలేదు! రగ్బీలో సగం మ్యాచ్ అక్కడే గడుస్తుంది కదా. టాకిల్ అయినవాడు, అంటే అవతలివాళ్లు పట్టి కింద పడేసినవాడు, బంతి వదలాలి, దాని మీద రెండు జట్లూ తోసుకోవాలి, అక్కడికి ఎంతమందిని పంపితే బయట లైన్‌లో అంతమంది తగ్గుతారు. ఇంకొకణ్ణి పంపనా, వద్దా అని నీ బొటనవేలు తటపటాయించిందా లేదా? ఆలోచన లేకుండా బటన్ టకటకా నొక్కేస్తూ పోయావా? అదే రాయి. ఏ రగ్బీ గేమ్‌కైనా నేను పెట్టే మొదటి పరీక్ష ఇదే.

లైసెన్సుల మీద, అంటే అసలు జట్ల పేర్లు వాడుకునే హక్కుల మీద, మూడు పేరాలు ఎక్కువ. 2011లో రెండు గేమ్‌లు పోటీగా వచ్చాయి, వరల్డ్ కప్ లైసెన్సు ఒకదానికి దక్కితే, ఆటగాడు జోనా లోము పేరుతో వచ్చిన ఇంకోదానికి ఆల్ బ్లాక్స్ (న్యూజిలాండ్ జట్టు) లైసెన్సు దక్కింది. ఆడేవాడికి అసలు పేర్లు, జెర్సీలు కావాలి, నిజమే. దానికి రెండు వాక్యాలు సరిపోతాయి.

నువ్వు ఈజీలో ఆడావని నీ స్కోర్లే చెబుతున్నాయి. కష్టమైన లెవెల్‌లో ఇంకో పది మ్యాచ్‌లు ఆడి, ఓడిపోయినవాటి గురించి నోట్సు రాసుకో. తర్వాత మార్కులన్నీ తీసేసి, రక్ పేరా ఒక్కటే ముందు రాసి పంపు, చదివి చెబుతాను.

నీ అన్న