ఎలాస్టిక్ పడే చోటే దురద... ఇంట్లో కుట్టుకుంటే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 34. ఏడాదిగా నడుము చుట్టూ, గజ్జల్లో దురద. సాయంత్రానికి లోదుస్తుల అంచు పడే చోట ఎర్రటి గీతలు తేలతాయి. గోకి గోకి అక్కడ చర్మం నల్లబడింది. మూడు కంపెనీలవి మార్చి చూశాను, లాభం లేదు. శుభ్రంగా ఉండాలని బ్లీచ్‌లో నానబెట్టి ఉతుకుతాను. మిషన్ కుట్టడం వచ్చు. ఇంట్లోనే కుట్టుకుంటే ఈ బాధ తగ్గుతుందా? ఎలాంటి గుడ్డ తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: తగ్గే అవకాశం బాగానే ఉందమ్మా. కాకపోతే మీరు గుడ్డ గురించి అడిగారు, నాకు మాత్రం ముందు ఎలాస్టిక్ మీదే అనుమానం. ఈ సమస్యతో వచ్చేవాళ్లను వేసుకునే లోదుస్తు ఒకటి ఉతికి తెమ్మంటాను. తిరగేసి, చర్మం మీది గీత పక్కన పెట్టి చూస్తే చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది. ఎలాస్టిక్ ఎంత వెడల్పు ఉందో గీత కూడా అంతే ఉంటుంది. లేదంటే పక్క కుట్టు ఎక్కడ లావుగా ఉందో సరిగ్గా అక్కడే చర్మం రేగి ఉంటుంది. మీరూ ఒకసారి అలా చూసుకోండి.

బ్లీచ్ మాత్రం ఈరోజే ఆపేయండి. రబ్బరు ఎలాస్టిక్ తయారీలో వాడే కొన్ని రసాయనాలతో క్లోరిన్ బ్లీచ్ కలిస్తే అలర్జీ తెప్పించే కొత్త పదార్థం పుడుతుంది. అది ఉతికినా అంత తేలిగ్గా వదలదు. కంపెనీ మార్చినా మీకు తగ్గకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అన్నిటినీ అదే బ్లీచ్‌లో వేశారు కదా!

ఇక గుడ్డ. బనియన్లకు వాడే లాంటి అల్లిక కాటన్ తీసుకోండి. సాగడానికి 5 శాతం దాకా స్పాండెక్స్ (సాగే పోగు) కలిసినా ఫర్వాలేదు. కొనేటప్పుడు 10 సెంటీమీటర్ల మేర పట్టుకుని అడ్డంగా లాగండి. 13, 14 దాకా సాగి, వదలగానే మళ్లీ వెనక్కి రావాలి. రాకపోతే నాలుగు ఉతుకులకే వదులై మడతలు పడుతుంది, ఆ మడతలే ఒరుసుకుంటాయి. కత్తిరించేటప్పుడు ఆ సాగే వైపు నడుము చుట్టూ వచ్చేలా వేసుకోండి. ముదురు రంగు పాలిస్టర్, నైలాన్ వద్దు. వాటికి వేసే కొన్ని రంగులు చెమటతో పాటు చర్మానికి అంటి అలర్జీ తెస్తాయి. ‘ముడతలు పడదు’ అని రాసి ఉన్న గుడ్డ కూడా వద్దు, ఆ గుణం కోసం ఫార్మాల్డిహైడ్ ఉన్న పూతలు వాడుతుంటారు. తెలుపో, లేత రంగో చాలు. కత్తిరించకముందే రెండుసార్లు ఉతికి ఆరేయండి. కుంచించుకుపోయేదేదో ముందే కుంచించుకుపోతుంది, పూతలూ కొంత వదులుతాయి. బాగా వాడి మెత్తబడిన కాటన్ టీషర్టు ఉంటే ఇంకా మంచిది, ముందు దాంతోనే కుట్టి చేయి అలవాటు చేసుకోండి.

నేను టైలర్‌ని కాదు గానీ, పేషెంట్ల లోదుస్తులు తిరగేసి చూసీ చూసీ కుట్టు గురించి కొంత తెలిసింది. అల్లిక గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వేయాలి, 75 నంబరు సరిపోతుంది. మామూలు సూది పోగుల్ని తెంపి చిల్లులు పెడుతుంది. తిన్నటి కుట్టు సాగినప్పుడు తెగిపోతుంది కాబట్టి సన్నటి జిగ్‌జాగ్ వేయండి. నైలాన్ దారం వద్దు, దాని కొస ముల్లులా గుచ్చుకుంటుంది.

కాళ్ల మధ్య వచ్చే ముక్క రెండు పొరల కాటన్‌తో ఉండాలి. ఆ ముక్క ముందు, వెనక అతుకులు రెండూ ఆ పొరల మధ్యలోకి పోయేలా కుట్టండి. లోపల తడిమి చూస్తే వేలికి ఏమీ తగలకూడదు. సరిగ్గా మధ్యలో నిలువు అతుకు అసలే పెట్టొద్దు.

ఎలాస్టిక్ రబ్బరు లేనిది అడిగి తీసుకోండి, మెత్తగా, కాస్త వెడల్పుగా ఉండాలి. దాన్ని నేరుగా చర్మానికి తగలనివ్వకుండా కాటన్ పట్టీ మడతలో దూర్చి కుట్టండి. నడుము 80 సెంటీమీటర్లైతే ఎలాస్టిక్ 72 చాలు. కాళ్ల దగ్గరైతే ఎలాస్టిక్ మానేసి, అదే గుడ్డతో పట్టీ వేసినా బాగుంటుంది. గజ్జలు బాగా పుండుపడ్డవాళ్లకు నేను తొడల మీదికి దిగే పొట్టి నిక్కరు నమూనానే చెబుతాను. అంచు ఆ మడతలో పడదు కదా.

కాటన్ చెమట బాగా పీల్చుకుంటుంది, కానీ తొందరగా ఆరదు. వ్యాయామం చేసినా, బాగా చెమట పట్టినా వెంటనే మార్చుకోవాల్సిందే. ఉతికాక డిటర్జెంట్ జిగట పోయేదాకా జాడించండి. మెత్తదనం కోసం పోసే వాసన ద్రవాలు మానేయండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. దురద పెట్టే మచ్చ గుండ్రంగా, అంచు కాస్త ఉబ్బి పొట్టు రాలుతూ రోజురోజుకూ పాకుతుంటే అది తామర. దానికి ఏ గుడ్డ మార్చినా లాభం లేదు, మందు వాడాలి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు రాస్తే రెండు రోజులు చల్లగా ఉన్నట్టుండి, లోపల ముదిరిపోతుంది. విరిగిన పాలలా తెల్లబట్ట అవుతున్నా, మాటిమాటికీ ఇలాగే తిరగబెడుతున్నా డాక్టర్‌కి చూపించి, షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఒకేసారి డజను కుట్టేయకండి. ముందు మూడు కుట్టి, పాతవి పూర్తిగా పక్కన పెట్టి నెల రోజులు అవే మార్చి మార్చి వేసుకోండి. దురద ముందే తగ్గుతుంది, నలుపు పోవడానికి మాత్రం నెలలు పడుతుంది, దానికి టెన్షన్ పడొద్దు. నెల తర్వాత కూడా దురద తగ్గకపోతే చర్మవ్యాధుల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పాతదొకటి పారేయకుండా దాచి వెంట తీసుకెళ్లండి. అలర్జీ దేనివల్లో తేల్చే ప్యాచ్ టెస్ట్ చేసేటప్పుడు అందులోంచి చిన్న ఎలాస్టిక్ ముక్క కత్తిరించి, వీపు మీద రెండు రోజులు అంటించి చూస్తారు.